పులి చంపిందిలే

సీరియల్ కిల్లర్ సినిమాలు దాదాపు ఎప్పుడూ మూడో శవం దగ్గరే మొదలవుతాయి. మొదటి రెండూ అప్పటికే ఏదో స్టేషన్లో, ఏదో బీరువాలో ఫైళ్లయి పడుంటాయి. హీరో వచ్చి వాటి దుమ్ము దులిపి, మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఇవన్నీ చేసింది ఒక్కడే అంటాడు. కిటికీ బయట వాన. గోడ మీద ఫొటోలు, వాటిని కలుపుతూ ఎర్ర దారం. మనం సీట్లో కొంచెం ముందుకు జరుగుతాం. వేట మొదలైంది కదా మరి.

ఆ సీన్ నాకూ ఇష్టమే. చీకటి, వాన, నీళ్లు నిండిన గుంటలు, ఎక్కడో కుక్క అరుపు, ఆ వాతావరణం కోసమే ఈ సినిమాలు చూసేవాళ్లలో నేనొకణ్ణి. కానీ ఆ సీన్ దగ్గర ఇప్పుడు ఒక ప్రశ్న అడ్డం పడుతోంది. ఆ మొదటి రెండు ఫైళ్లూ మూసినవాళ్లు, ఏమని రాసి మూసుంటారు?

వంశీ తీసిన 'అన్వేషణ' (1985) గుర్తుందా? తెలుగులో వాతావరణమే సగం కథ చెప్పిన థ్రిల్లర్ అంటే చాలామంది ఇప్పటికీ ముందు ఆ పేరే చెప్తారు. ఆ అడవి, ఇళయరాజా సంగీతం, చెట్ల మధ్య ఎవరో ఉన్నారన్న అనుమానం. అడవిలో మనుషులు చనిపోతుంటారు. చంపేది పులి అనుకుంటారు. అడవి అన్నాక పులి ఉంటుంది, పులి ఉన్నాక చంపుతుంది, అందులో అడగడానికేముంది? హంతకుడికి అంతకన్నా మంచి దాపు దొరకదు. వాడు పెద్దగా తెలివి చూపించాల్సిన పని లేదు. ఊరే వాడి తరఫున సమాధానం చెప్పేస్తోంది.

మా నందికొట్కూరు నుంచి ఆత్మకూరు దాటితే నల్లమల. అక్కడ నిజంగానే పులులున్నాయి. కానీ పులి లేని ఊళ్లకు కూడా ఒక్కో పులి ఉంటుందని నాకనిపిస్తుంది. ఒక మనిషి కనబడకుండా పోతే, లేదా ఉన్నట్టుండి చనిపోతే, ఆలోచించే శ్రమ లేకుండా అందరూ చెప్పుకునే ఒక సిద్ధమైన మాట. ఆడపిల్ల అయితే, "యాడికి పోతాది, ఎవని తోనో పోయుంటాది, నాల్గు రోజులుంటే అదే వచ్చాది." వయసు మళ్లినవాళ్లయితే గుండెపోటు. తాగేవాడయితే తాగి పడిపోయాడు. ఇవన్నీ పులులే.

*

2019లో తెలంగాణలో ఏం జరిగిందో చూడండి. యాదాద్రి భువనగిరి జిల్లా, బొమ్మలరామారం మండలం, హాజీపూర్. ఏప్రిల్ 25న బడికి వెళ్లిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఇంటికి రాలేదు. ఊరివాళ్లు వెతికారు. మరుసటి రోజు పాడుబడ్డ బావిలో శవం దొరికింది. నిందితుణ్ణి పట్టుకున్నాక అదే బావిలో ఇంకో అమ్మాయి అవశేషాలు బయటపడ్డాయి. ఆమె మార్చి నుంచి కనబడటం లేదు. దగ్గర్లోని మరో బావిలో ఇంకో పిల్లవి. ఆ పిల్ల కనబడకుండా పోయింది 2015లో.

ఈ వరస ఒకసారి తిరగేసి చదవండి. 2015లో పోయిన పిల్ల కోసం ఎవరూ ఆ బావిలోకి దిగలేదు. 2019 మార్చిలో పోయిన అమ్మాయి కోసమూ దిగలేదు. మూడో పిల్ల కోసం దిగారు. అప్పుడు ముగ్గురూ దొరికారు. నాలుగేళ్ల 'మిస్టరీ' విడిపోవడానికి పట్టింది కొన్ని రోజులు. ఎర్ర దారం అక్కర్లేదు, ఫోరెన్సిక్ సైకాలజిస్టు అక్కర్లేదు. బావిలోకి దిగే తాడు చాలు.

దొరికినవాడు సినిమాల్లో ఉండే మేధావి కూడా కాదు. లిఫ్టు మెకానిక్కు. ఊరివాడే. సరైన బస్సు లేని ఊరికి నడిచి వచ్చే ఆడపిల్లల్ని బైకు మీద దింపుతానని ఎక్కించుకునేవాడు. అంతకుముందు కర్నూలులో జరిగిన ఒక మహిళ హత్య కేసులో కూడా అతను నిందితుడని పోలీసులు అప్పుడు చెప్పారు. కర్నూలు మాకు 30 కిలోమీటర్లు. జిల్లాలు విడదీయక ముందు మా జిల్లా కేంద్రం. ఆ మహిళ గురించి నేను చదివిన వార్తల్లో ఒక్క వాక్యానికి మించి లేదు. ఆ వాక్యం కూడా ఆమె ఏ వృత్తిలో ఉందో చెప్పడానికే. చదివేవాడు తర్వాతి వార్తకు వెళ్లిపోవడానికి ఆ ఒక్క మాట చాలు. అది ఆమె మీద వదిలిన పులి.

2020 ఫిబ్రవరి 6న నల్గొండ కోర్టు హాజీపూర్ కేసుల్లో మరణశిక్ష విధించింది. ఈలోగా, ఆ బావులు బయటపడ్డ మూడు నెలలకే, 2019 ఆగస్టులో 'రాక్షసుడు' విడుదలైంది. బడిపిల్లల్ని ఎత్తుకుపోయి చంపేవాడి కోసం ఒక ఎస్సై వేట. తమిళ 'రాట్చసన్'కి రీమేక్ కాబట్టి హాజీపూర్‌ని చూసి తీసింది కాదు. బాగా తీసిన సినిమానే, జనం బాగా చూశారు. అందులో హంతకుడికి ఒక జబ్బు, ఒక గతం, ఒక మేజిక్ విద్య, వదిలి వెళ్లే ఒక గుర్తు. 'హిట్ 2' (2022)లో హీరో పోలీసు మొదట్లో నేరస్తులవన్నీ కోడిబుర్రలని తేలిగ్గా తీసిపారేస్తాడు. ఆ అహంకారం తప్పని రుజువు చెయ్యడమే మిగతా సినిమా. వాణ్ణి మించిన హంతకుడు వస్తాడు.

నిజ జీవితంలో మాత్రం ఆ పోలీసు మొదటన్న మాటే ఎక్కువసార్లు నిజం. హంతకుడిది కోడిబుర్రే. వాడు దొరక్కపోవడానికి కారణం వాడి బుర్ర కాదు, మన మరుపు. ఏలూరు కేసు తీసుకోండి. 2018 నుంచి 2019 అక్టోబరు దాకా ఇరవై నెలల్లో ఒకే మనిషి పది మందిని సైనైడు కలిపిన ప్రసాదం పెట్టి చంపాడని పోలీసులు 2019 నవంబరులో ప్రకటించారు. రైస్ పుల్లింగ్ నాణేలు, రెట్టింపయ్యే బంగారం, ఇవీ అతను చెప్పిన కబుర్లు. పది మందిలో చాలామందివి మామూలు చావులనే ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఫిర్యాదు లేదు, పోస్టుమార్టం లేదు. చివరి చావులో మాత్రం, ఇంట్లోంచి వెళ్లేటప్పుడు మనిషి దగ్గరున్న డబ్బూ నగలూ ఏవని కుటుంబం అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో వెనకున్న చావులన్నీ హత్యలయ్యాయి. అంతదాకా అక్కడ వేట అనేదే లేదు. ఎందుకంటే హత్య అనేదే లేదు.

థ్రిల్లర్ హంతకుణ్ణి మేధావిని చేసినప్పుడు మనకు తెలీకుండా ఒక ఉపకారం చేస్తుంది. అంత తెలివైనవాడు కాబట్టే ఇంతమంది పోయారు, మనమేం చేస్తాం అన్న ఊరట ఇస్తుంది. తెరమీద వాడి తెలివి పెరిగేకొద్దీ, తెర ఇవతల మన బాధ్యత తగ్గుతుంది.

*

మా వైపు ఈ సంగతి ఇంకో రకంగా అర్థమవుతుంది. కర్నూలు, కడప అంటే బయటివాళ్లకు హత్య అనగానే ఫ్యాక్షన్ గుర్తొస్తుంది. ఫ్యాక్షన్ హత్యలో మిస్టరీ ఉండదు. ఎవరు చంపారో ఊరందరికీ తెలుసు, ఎందుకు చంపారో తెలుసు, తర్వాత ఎవరి వంతో కూడా తెలుసు. సాక్షి మాత్రమే ఉండడు. అది ఎంత ఘోరమైనదైనా, అందులో ఒకటుంది. పోయినవాడికి లెక్క ఉంటుంది. వాడి చావుని గుర్తుపెట్టుకునే ఒక వర్గం, ఒక ఇల్లు ఉంటాయి. ఆ గుర్తే మళ్లీ కత్తవుతుంది, అది వేరే విషాదం.

సీరియల్ హంతకుడికి బలయ్యేది ఆ లెక్క లేనివాళ్లు. వర్గం లేనివాళ్లు. కూలికి పోయి తిరిగిరాని ఆడమనిషి, కల్లు కాంపౌండ్ దగ్గర పరిచయమైన మనిషితో వెళ్లిన ఆడమనిషి, బస్సు లేని ఊరి బడిపిల్ల. కాలువలో తేలితే జిల్లా పేజీలో 'గుర్తు తెలియని మహిళ' అని నాలుగు లైన్లు. గుర్తు తెలియని అని మనం రాస్తాం గానీ, ఆమెను గుర్తుపట్టే మనిషి ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఆ మనిషి ఏదో ఒక స్టేషన్ మెట్ల మీద కూర్చొని, చూద్దాంలే పోమ్మా అనిపించుకొని వెనక్కి వచ్చుంటుంది.

సీరియల్ కిల్లర్ అనే మాటలో 'సీరియల్' ఉందే, అది హంతకుడు చేసేది కాదు. చంపడం మాత్రమే వాడి పని. ఒకటి తర్వాత ఇంకొకటి జరిగే వీలుండటం, ఆ మధ్యలో ఎవరూ ఆపకపోవడం, అది మిగతా అందరం కలిసి చేసేది. మొదటి చావు వాడి నేరం. మూడో చావులో మనకూ వాటా ఉంది.

*

ఈ వాటా సంగతి తెలిసి తీసిన సినిమా నేను చూసినంతలో ఒకటుంది. బాంగ్ జూన్ హో 2003లో తీసిన 'మెమొరీస్ ఆఫ్ మర్డర్'. దక్షిణ కొరియాలో హ్వాసాంగ్ అనే ప్రాంతంలో 1986 నుంచి 1991 దాకా పది మంది ఆడవాళ్లు హత్యకు గురయ్యారు. ఆ కేసు మీద తీసిన కథ. వరి పొలాలు, మురుగు కాలువ, వాన, మనకు బాగా తెలిసిన పల్లెటూరి పోలీసు స్టేషన్. కళ్లలోకి చూస్తే దోషిని పట్టేస్తానని చెప్పుకునే లోకల్ డిటెక్టివ్. భాష తీసేస్తే మన తాలూకాలో తీసినట్టే ఉంటుంది.

అందులో ఒక రాత్రి, ఇవాళ హత్య జరగబోతోందని డిటెక్టివ్‌లకు గట్టిగా అనిపిస్తుంది. ఆ ప్రాంతం చుట్టూ కాపలాకు బలగాలు పంపమని అడుగుతారు. లేవు. అందర్నీ ఊరేగింపులు అణచడానికి పంపేశారు. అది సైనిక పాలన కాలం. ఆ రాత్రి ఒక ఆడమనిషి చనిపోతుంది. వాన, చీకటి మధ్య దర్శకుడు దాచిపెట్టి చెప్పిన మాట ఇదే. ప్రభుత్వం దగ్గర మనుషులు లేక కాదు, వాళ్లు వేరే పనిలో ఉన్నారు.

బలగాలు లేని చోట ఆ పోలీసులు ఏం చేశారు? దొరికినవాణ్ణి కొట్టారు. బుద్ధిమాంద్యం ఉన్న ఒక కుర్రాణ్ణి తెచ్చి కొట్టి, చేశానని చెప్పించడానికి చూశారు. చూసేవాడు మొదట నవ్వుతాడు, తర్వాత ఇబ్బంది పడతాడు, ఆ తర్వాత (ఇది దర్శకుడు వేసిన ఉచ్చు) ఒక అందమైన అనుమానితుడి దగ్గరికొచ్చేసరికి, వీణ్ణి మాత్రం కొట్టండ్రా అని తనే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. అమెరికా నుంచి వచ్చిన డీఎన్ఏ రిపోర్టు సరిపోలదు. సొరంగం ముందు, వానలో, ఆ కాగితం తడుస్తుంటుంది.

అసలు కథ సినిమా తర్వాత పదహారేళ్లకు తేలింది. 2019లో డీఎన్ఏ సరిపోలింది. వేరే హత్యకు యావజ్జీవం పడి అప్పటికే జైల్లో ఉన్న మనిషితో. అప్పట్లో పోలీసులు అతన్ని ప్రశ్నించి కూడా వదిలేశారు. హంతకుడి బ్లడ్ గ్రూపు ఇదీ అని వాళ్లు నమ్మినదానికి అతనిది సరిపోలేదు. కానీ ఎనిమిదో హత్యకు దోషిని మాత్రం 1989లోనే 'పట్టుకున్నారు'. యూన్ సంగ్ యో అనే కుర్రాడు. పోలియోతో కుంటేవాడు. నిద్రపోనివ్వకుండా ఒప్పించారు. ఇరవై ఏళ్లు జైల్లో ఉన్నాడు. నిర్దోషి అని కోర్టు చెప్పింది 2020 డిసెంబరులో.

ఇది కొరియా కథే అనుకోనవసరం లేదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. జనం కోపంతో ఊగిపోయారు. 2008లో సత్యంబాబుని అరెస్టు చేశారు, 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది. ఎనిమిదేళ్లకు పైగా జైలు. ఆ అమ్మాయిని చంపిందెవరన్న ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. తప్పుడు మనిషిని పట్టుకోవడం అంటే ఒక అమాయకుణ్ణి నాశనం చెయ్యడం మాత్రమే కాదు. అసలువాణ్ణి వెతకడం ఆపేయడం కూడా. అదీ ఒక పులే, కాకపోతే ఖాకీ వాళ్లు తెచ్చిన పులి.

*

మొదటి రోజు వెతక్కపోవడం, చివరి రోజు కొట్టడం, ఈ రెండూ వేర్వేరు లోపాలని నేను అనుకునేవాణ్ణి. ఒకటి బద్ధకం, ఒకటి క్రౌర్యం అని. ఈ రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ అని దిశ కేసు చూపించింది.

2019 నవంబరు 27 రాత్రి, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా. ఆమె ఇంటికి రాలేదు. కుటుంబం స్టేషనుకు వెళితే మా పరిధి కాదు, ఆ స్టేషనుకు వెళ్లండి అన్నారు. ఆ ఆలస్యానికి తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లని సస్పెండ్ చేశారు. పది రోజులు గడవకుండా, డిసెంబరు 6 తెల్లవారుజామున, చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని, చనిపోయినవాళ్లలో ముగ్గురు ఆనాటికి మైనర్లని అందులో ఉంది.

నవంబరు 27 రాత్రి 'మా పరిధి కాదు' అన్న వ్యవస్థే డిసెంబరు 6న పరిధులన్నీ దాటేసింది. మనం మొదటి రాత్రిని మర్చిపోయి, చివరి తెల్లవారుజాముకి చప్పట్లు కొట్టాం. ఎందుకంటే మనకు సినిమా నేర్పింది చివరి రీలే. ఆలస్యంగా వచ్చిన కోపానికి సిగ్గు తోడుంటుంది. ఆ సిగ్గు కనబడకుండా ఉండాలంటే గట్టిగా కొట్టాలి, తొందరగా కొట్టాలి, చేతికి దొరికినవాణ్ణి కొట్టాలి.

మా ఇంటి దగ్గరే దీనికి ఒక ఉదాహరణ ఉంది. ముచ్చుమర్రి మా నియోజకవర్గంలోని ఊరు, శ్రీశైలం వెనక జలాల ఒడ్డున. 2024 జూలై 7న ఆడుకోవడానికి వెళ్లిన ఒక చిన్నపిల్ల కనబడకుండా పోయింది. ఇది సీరియల్ హత్యల కేసు కాదు. అనుమానితులు మైనర్ పిల్లలే. శవాన్ని ఎత్తిపోతల కాలువలో వేశామన్నారని పోలీసులు చెప్పారు. నీళ్లలో రోజుల తరబడి గాలించారు. మా వైపు ఆ వారాల్లో ఇంకో మాట లేదు. 'ఆ నాకొడుకుల్ని మాకొదిలేయండి' అన్నవాళ్లలో నాకు తెలిసిన నిదానస్తులూ ఉన్నారు. అదే నెలలో ఆ కేసులో ప్రశ్నించడానికి తీసుకెళ్లిన ఒక వ్యక్తి, నిందితుల్లో ఒకరి బంధువు, పోలీసుల అదుపులో ఉండగా చనిపోయాడు. కొట్టి చంపారని ఇంటివాళ్లు, కాదని పోలీసులు. ఆ రెండో చావు గురించి మా వైపు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. దానికీ ఒక సిద్ధమైన మాట దొరికింది కదా.

*

దీనికి ఎదురు ప్రశ్న ఉంది, తేలిగ్గా తీసేయదగింది కాదు. కనబడకుండా పోయినవాళ్లలో ఎక్కువమంది తిరిగొస్తారు. ప్రతి ఫిర్యాదునూ హత్యలా చూస్తే ఏ స్టేషనూ పని చెయ్యలేదు. ఇంకా పెద్ద చిక్కు ఒకటుంది. నిజంగానే ఇష్టపడి వెళ్లిపోయే అమ్మాయిలున్నారు. వాళ్ల కోసం ఇల్లు, కులం, పోలీసులు కలిసి 'వెతకడం' అంటే ఏమిటో మనకు తెలుసు. మేజరైన పిల్లని స్టేషనుకు పిలిపించి, పెద్దమనుషుల ముందు ఏడిపించి, తండ్రితో పంపించేయడం. అలా పంపించిన కొందరు తర్వాత బతికి లేరు. మరి అందర్నీ వెతకమని అడగడం, ఆ చేతికి ఇంకో కర్ర ఇవ్వడం కాదా?

కాదని నేననుకుంటాను, ఒక షరతు మీద. వెతకడం వేరు, పట్టుకురావడం వేరు. వెతకడం అంటే ఆ మనిషి బతికుందో లేదో, తన ఇష్టంతో ఉందో లేదో తెలుసుకోవడం. తెలిశాక, మేజరైతే, చిరునామా కూడా ఎవరికీ చెప్పకుండా ఫైలు మూసేయొచ్చు. మేజరైన మనిషి ఎవరితో ఉండాలో తనే తేల్చుకుంటుందని 2018లో హాదియా కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. పిల్లల విషయంలో అయితే 2013లోనే చెప్పింది, తప్పిపోయిన పిల్లల గురించి ఫిర్యాదు వస్తే ఎత్తుకుపోయారనే అనుకొని ఎఫ్ఐఆర్ కట్టాలని. చట్టంలో కొరత పెద్దగా లేదు. చిత్రం ఏమిటంటే, లేచిపోయిందిలే అని మనం వెతకని అమ్మాయిని, లేచిపోయిందని రుజువైతే మాత్రం ఎంత దూరమైనా వెతుకుతాం. పరువు కోసం పోయే దూరంలో పదో వంతు ప్రాణం కోసం పోతే, బావుల్లో ఇన్నేళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదు.

వెతకడం ఒక గౌరవం. నువ్వు లేకపోవడం మాకు తెలిసింది అని చెప్పడం. అది పొందడానికి మంచి నడవడిక, మంచి కులం, మంచి వృత్తి అర్హతలు కాకూడదు. సాక్ష్యం దొరికాక అడిగేది న్యాయం. ఇది దానికన్నా ముందుది, దానికన్నా చవకైంది కూడా. ఒక కానిస్టేబుల్, ఒక టార్చిలైటు, ఒక తాడు.

నేను ఈ సినిమాలు చూడటం మానను, మిమ్మల్నీ మానమనను. తర్వాతిసారి గోడ మీద ఎర్ర దారం కనబడినప్పుడు మాత్రం హంతకుడెవరా అని ఊహించే ముందు ఒక్క నిమిషం, బోర్డులో మొదటి ఫొటో చూడండి. ఎడమ పక్కన, పైన, కొంచెం పాతబడి ఉంటుంది. సినిమా ఆమె పేరు ఒక్కసారే చెప్తుంది, మనం వినం. ఆమె పోయిన రోజున ఆ ఊరివాళ్లు ఏ పులి పేరు చెప్పుకున్నారో అడగండి. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే సినిమా తీస్తే అందులో వేట ఉండకపోవచ్చు. మూడో శవం కూడా ఉండదు.